ఏసోబు బాబాయి నేర్పిన ఈత

మా చిన్నప్పుడు... పొద్దు వాలేసరికి ఏసోబు బాబాయి కాలవగట్టు మీద ఒళ్ళు తెలియకుండా పడి ఉండేవాడు.

పామర్రు దగ్గర పల్లె మాది. బాబాయి మా నాన్నకు వరసకు తమ్ముడు. పొలంలో దిగితే ఇద్దరి పని ఒక్కడే చేసేవాడు. ఈతలో ఊళ్ళో ఆయనకు సాటి లేరు. కానీ తాగితే మనిషి కాడు... మరియమ్మ పిన్నిని కొట్టేవాడు. ఆ కేకలకు వాళ్ళమ్మాయి రూతు పరిగెత్తుకొచ్చి మా నులకమంచం కింద దూరేది. నా ఈడుదే. బళ్ళో నా పక్కనే కూర్చునేది.

కాలవకు కొత్తనీళ్ళు వదిలిన రోజులవి. వాళ్ళ నాన్నను అన్నానికి పిలుచుకు రమ్మని పిన్ని రూతును పంపింది. ఎంత లేపినా బాబాయి లేవలేదు. రేవులో కాళ్ళు కడుక్కోబోయి రూతు జారిపోయింది... అవతలి గట్టున గేదెల్ని కడుగుతున్నవాళ్ళు చూసి దూకేసరికే ఆలస్యమైపోయింది.

పిల్లను ఒడ్డున పడుకోబెట్టాక గానీ బాబాయికి మెలకువ రాలేదు.

పిన్ని ఆ రోజు నుంచి ఆయనతో మాట్లాడలేదు. అన్నం పెట్టేది... అంతే. బాబాయి ఇంకా ఎక్కువ తాగాడు. మా పాస్టరు గారు రోజూ వెళ్ళి ఆయన పక్కన కూర్చునేవారు. మొదట్లో తిట్లే తిన్నారు. చాన్నాళ్ళకు ఓ సాయంత్రం మా పంచలో బాబాయి నోరు విప్పాడు.

"నాలాంటోణ్ణి కూడా దేవుడు చేర్చుకుంటాడంటారా అండీ?"

"నీలాంటివాళ్ళ కోసమే వచ్చాడయ్యా ఆయన."

తాగుడు మానడానికి ఏడాది పట్టింది. మధ్యలో రెండుమూడుసార్లు మళ్ళీ తాగుడులోకి జారిపోయాడు కూడా. మా చర్చివాళ్ళ బాప్తిస్మాలు ఆ కాలవ రేవులోనే జరిగేవి. తన బాప్తిస్మం రోజున బాబాయి మెట్ల మీదే ఆగిపోయాడు.

"ఇక్కడొద్దండి పాస్టరు గారూ... నా బిడ్డ పోయిన నీళ్ళండి."

"తెలుసు ఏసోబూ. నా చెయ్యి పట్టుకో."

మునిగి లేచి, ఆ నీళ్ళలోనే నిలబడి ఏడ్చాడు. గట్టు మీద అందరం ఏడ్చాం.

తర్వాత ఇల్లిల్లూ తిరిగాడు... పిల్లల్ని పంపండి, ఈత నేర్పుతానని. ఎవరు పంపుతారు? మా అమ్మ కూడా ససేమిరా అంది. నాన్నే నన్ను వెంటబెట్టుకెళ్ళారు. నా పొట్ట కింద బాబాయి అరచెయ్యి నాకింకా తెలుస్తూనే ఉంటుంది. "భయపడకమ్మా... వదల్ను" అంటూనే ఉన్నాడు.

ఆ తర్వాత మా పేట పిల్లలేంటి, ఊళ్ళో రైతుల పిల్లలేంటి... అందరూ వచ్చారు. ఆడపిల్లల్ని పంపమని ప్రత్యేకంగా అడిగేవాడు. నీళ్ళలో దిగేముందు చిన్న ప్రార్థన. ఒడ్డెక్కేసరికి పిన్ని పొడితువ్వాళ్ళు పట్టుకుని నిలబడి ఉండేది. ఆయనతో మాత్రం మాట లేదు.

పోయిన వానాకాలంలో బాబాయి పోయాడు. సమాధి దగ్గర పిన్ని నా చెయ్యి పట్టుకుని మెల్లగా అంది...

"ఎప్పుడో క్షమించానమ్మా. ఆ మాట ఆయనతో చెప్పనే లేదు."



ఇప్పుడా కాలవ నిండా గుర్రపుడెక్క. మా పాప బెజవాడలో చేతులకు గాలిబుడగలు కట్టుకుని స్విమ్మింగ్ పూల్లో నేర్చుకుంటోంది... నేర్పే కుర్రాడి పేరు కూడా మాకు తెలియదు.

మీకు ఈత నేర్పిందెవరు? వాళ్ళింకా ఉంటే... మనసులో ఉన్న మాట ఇవాళే చెప్పేయండి.