చుక్కబర్రెకు నేను దూడనైన వైనం

ఆ రోజుల్లో మాకు మెదడు గురించి తెలిసింది తక్కువ, బర్రెల గురించి తెలిసింది ఎక్కువ. ఇప్పుడు అందరికీ మెదడు గురించే తెలుసు. మొన్నామధ్య నా మనుమని భార్య (గుంటూరు వైపు పిల్ల, నన్ను 'తాతయ్యగారూ' అంటుంది, ఆ 'గారూ' వినబడితే నా చెయ్యి దానంతటదే అంగీ గుండీలు పెట్టుకుంటుంది) తాళంచెవులు ఫ్రిజ్‌లో పెట్టి ఇల్లంతా వెతికింది. అప్పటికి కాన్పయి మూడు నెలలు. నా మనుమడు పకపకా నవ్వి, "పిలగాడు పుట్టంగనే దీని మెదడు కరిగిపోయింది తాతా" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. నేను ఏడో తరగతి దాటలేదు గానీ, మిర్చీల పొట్లం కాగితం నుంచి పాత వైద్య పుస్తకం దాక దొరికింది దొరికినట్టు చదివినవాణ్ణి. ఎలుకైనా, గొర్రెయినా, మనిషైనా కడుపుతో ఉన్నప్పటి నుంచే ఒంట్లో రసాలు మారి, తల్లి మెదడును కొత్తగా సర్దుతాయి. ఇంటికి మనిషి వస్తున్నాడంటే సామాను జరపమా? అట్లా. తాళంచెవులు మూలకు పోతాయి, పిల్ల వాసన, పిల్ల ఏడుపు నడింట్లో కూచుంటాయి. నెత్తి మీద నుంచి విమానం పోయినా (మా శంషాబాద్‌లో అవి ఎప్పుడూ నెత్తి మీదే) కన్ను తెరవని పిల్ల, పక్కగదిలో పసివాడు తుమ్మితే లేచి కూచుంటుంది. దీన్ని కరిగిపోవడం అంటాడు వీడు. వీడి తాళంచెవులు నాలుగేండ్ల నుంచి నేనే వెతికి ఇస్తున్నాను. మరి వీడు ఏం కన్నాడని?

నిజానికి ఈ చదువు నాకు పుస్తకం కంటె ముందే చుక్కబర్రె చెప్పింది. అప్పుడు మేం కొత్వాల్‌గూడలో ఉండేవాళ్లం. విమానాశ్రయం ఇంకా ఎవరి కలలోకీ రాలేదు. నాకు పందొమ్మిదేండ్లు. ఏడాది పొడుగునా తిరగంగ తిరగంగ షాద్‌నగర్‌లో ఒక కార్ఖానా వాళ్లు 'వచ్చే సోమవారం వచ్చి చేరు, ఆలస్యమైతే ఇంకొకణ్ణి పెట్టుకుంటాం' అన్నారు. సరిగ్గా ఆ ముందటి వారమే, నొసట తెల్లచుక్క ఉన్న మా బర్రెకు పుట్టిన దూడ పది రోజులు బతికి చచ్చిపోయింది. ఇగ బర్రె పాలు చేపడం మానేసింది. దూడ వచ్చి మూతితో పొడిస్తే, దాన్ని నాకితే, అప్పుడు తల్లికి పాలు పొదుగులోంచి చన్నుల్లోకి దిగుతాయి. అదే చేపడం. పుస్తకాల్లో ఆ పని చేయించే రసానికి ఆక్సిటోసిన్ అని నోరు తిరగని పేరు ఉంది. మా అమ్మ 'చేపింది' అని ఒక్క మాటలో తేల్చేది. తౌడు పెట్టినా, బెల్లం పెట్టినా లాభం లేకపోయింది. బర్రె రోజంతా అరిచేది. పొదుగు రాయిలా గట్టిపడింది. మామూలుగా అయితే చచ్చిన దూడ తోలులో గడ్డి కూరి తల్లి ముందు నిలబెడతారు. కానీ మా బాపు తొందరపడి తోలుతో సహా పాతిపెట్టి వచ్చాడు. "తోలన్న ఉంచకపోతివి, అంత ఆగమేంది నీకు" అని అమ్మ మూడు రోజులు సాధించింది.

నాలుగో రోజు పొద్దున ముసురు. కొట్టంలో కొయ్యకు వేలాడుతున్న గోనెసంచి ఒకటి తీసి, వానకు తల మీద నుంచి వీపు దాక కప్పుకునే కొప్పెరలా మడిచి నెత్తిన వేసుకుని గడ్డి వేయబోయాను. అది చలికి దూడ మీద కప్పిన సంచి అని నాకు తట్టలేదు. చుక్కబర్రె మెడ చాచింది. వాసన చూసింది. గొంతులోనే సన్నగా ఒక మూలుగు మూలిగి, నా మెడ మీద నుంచి చెవి దాక ఒక్క నాకుడు నాకింది. (బర్రె నాలుక అంటే మెత్తగా ఉంటుందనుకునేవాళ్లు ఒకసారి నాకించుకోవాలి.) నేను ఎగిరి దూకబోతే, చెంబు పట్టుకుని పొదుగు దగ్గర కూచున్న అమ్మ కింద నుంచి అంది: "కదలకురా, చేపింది."

అట్లా నేను దూడనయ్యాను. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కొప్పెర వేసుకుని దాని ముక్కు ముందు నిలబడాలి. రెండు రోజుల్లో ఊరంతా తెలిసింది. "ఏం దూడా, కడుపు నిండిందా" అని అడిగేవాళ్లు. అదీ సహించాను. కానీ శనివారం నాడు బాపు, "ఇగ నౌకరి మాట మరువు. నువ్వు పోతే పొదుగు చెడుతది, బర్రె పాడైతది. నౌకరి ఇంకోటి దొరుకుతది తీ" అన్నాడు.

"నాకు దొరకది బాపు."

ఆయన వినలేదు. అమ్మ కొప్పెర తాను వేసుకుని చూసింది. బర్రె మూతి పెట్టి, కొమ్ముతో పక్కకు నెట్టేసింది. అప్పుడు నాకు వెలిగింది. ఇన్ని రోజులు నేను మోసీ మోసీ ఆ సంచిలో దూడ ఎంతో, నా చెమటా అంతే అయింది. ఇద్దరి వాసనా కలిస్తేనే దానికి బిడ్డ. ఆదివారం సాయంత్రం ఒంటి మీది అంగీ విప్పి బాపు ముందు పెట్టాను. "ఇది తొడుక్కొని మీద కొప్పెర వేస్కో."

మా బాపు ఎదురొస్తే ఊళ్లో పెద్దమనుషులు కూడా బీడీ దాచేవాళ్లు. ఆయన అంగీని చూశాడు, నన్ను చూశాడు. "నేను దూడనైతనా?"

"ఇరవై ఏండ్ల సంది దున్నవే కదా" అంది అమ్మ, చెంబు కడుగుతూ. "జర దూడవైతే ఏం పోయింది."

బాపు తొడుక్కున్నాడు. పొట్ట మీద గుండీలు కలవలేదు. కొప్పెర కప్పుకుని, కళ్లు గట్టిగా మూసుకుని బర్రె ముందు నిలబడ్డాడు. అది చాలాసేపు వాసన చూసింది. నా నౌకరి మొత్తం ఆ రెండు ముక్కు రంధ్రాల్లో ఉంది. ఆఖరికి నాలుక చాచి, ఊరందరూ భయపడే ఆ మీసాలను కింద నుంచి మీదికి నాకింది.

"చేపింది" అంది అమ్మ.

బాపు కళ్లు తెరవకుండానే అన్నాడు, "పోరా, షాద్‌నగర్ పో."

నెల తర్వాత ఇంటికి వచ్చాను. వస్తూనే సంబరంగా కొట్టంలోకి పోతే, చుక్కబర్రె ఒకసారి వాసన చూసి, బుస్సుమని తలతో ఒక్క పోటు పొడిచింది. పోయి పెండలో పడ్డాను. నా అంగీ తొడుక్కుని పక్కనే నిలబడ్డ బాపు, "కొత్తోళ్లను రానియ్యది" అన్నాడు, అదేదో తన గొప్ప అయినట్టు. నవ్వుకోవాల్సిందే గానీ నాకు ఏడుపొచ్చింది. అమ్మ వచ్చి లేపి, మెడ దగ్గర ముక్కు పెట్టి, "అంతా గ్రీజు వాసన, తానం చెయ్‌పో, అన్నం పెడత" అంది.

ఇప్పుడు మనుమని భార్యకు సెలవు అయిపోయింది. విమానాశ్రయంలో డ్యూటీకి పోతున్నది. మధ్యాహ్నం పసివాడు సీసా నోట పెట్టనివ్వడు, ఒకటే గోల. నేను కొక్కేనికి ఉన్న ఆ పిల్ల విడిచిన చున్నీ తీసి భుజాల చుట్టూ కప్పుకుని వాణ్ణి ఎత్తుకుంటాను. నా మెడలో ముక్కు రుద్ది, కాసేపు ఆలోచించి, ఊరుకుంటాడు. మొన్న మనుమడు చూసి "ఏంది తాతా ఈ వేషం" అన్నాడు. ఆ పిల్ల మాత్రం మొహమాటంగా, "తాతయ్యగారూ, అది ఉతకాల్సిందండీ" అంది. ఉతకొద్దమ్మా అన్నాను. దూడ కొలువు నుంచి తప్పించుకోవడానికి ఒంటి మీది అంగీ విప్పి ఇచ్చి పారిపోయినవాణ్ణి, ఇప్పుడు నా అంతట నేనే కొక్కెం దగ్గరికి పోతున్నాను. వాడికి పండ్లు వస్తున్నాయి, నోరు ఊరుకోదు. ఎత్తుకున్న ప్రతిసారీ నా మీసాలు తడిసిపోతున్నాయి. కళ్లు మూసుకుని నిలబడుతున్నాను.