ఇంటికా, కిరాయికా?

నాగర్‌కర్నూల్‌లో చెట్లు కోసే మిషన్ కొంటుంటే సేటు అడిగాడు: "ఇంటికా, కిరాయికా?"

ఇల్లు గడవడానికే కదా అని "ఇంటికే" అన్నాను. ఇంటి వాడకానికొకటి, రోజంతా కోసే పనివాళ్లకొకటి ఉంటాయని నాకెవడు చెప్పాడు? తేలికపాటి ప్లాస్టిక్‌ది చేతిలో పెట్టాడు.

మొదటి కిరాయి ఉప్పునుంతలలో, ఒక రైతు చేనులో తుమ్మచెట్టు. సగం కోసేసరికి ఇంజను వేడెక్కి, మాడు వాసనతో ఆగిపోయింది. మాను కుంగి రంపాన్ని కరిచి పట్టింది. లాగితే రాదు, వదిలేసి పోలేను. కసికొద్దీ మానును తన్నితే నా కాలే వాచింది. సాయంత్రం దాకా దాని పక్కనే కూర్చున్నాను.

"పొద్దు వోయింది, ఇంటికి పోరాదే?" అన్నాడు రైతు.

మానులోని రంపాన్ని చూపించాను. "ఇల్లు గిండ్లనే ఇరికింది, అన్నా."