ముక్కుగొంతు పోయిన ఆదివారం

మా అన్నయ్యకి చూపు లేదు. ఆ మాట ఎవరైనా జాలిగా అన్నారో, నాకు ఒళ్లు మండుతుంది. ఆఫీసు మీటింగుల రికార్డింగులు విని, పొల్లు పోకుండా టైపు కొట్టే ఉద్యోగం ఆయనది. ఇంట్లోంచే పని. ఆయన కొట్టిన ప్రతి మాటనీ కంప్యూటర్లో ఒక గొంతు చదివి వినిపిస్తుంది. జలుబు చేసిన మనిషిలా మాట్లాడుతుందని మేం దానికి ముక్కుగొంతు అని పేరు పెట్టాం. అది వాగే వేగానికి మనకి ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు! ఆయనకి మాత్రం మంచినీళ్లు తాగినంత తేలిక.

వదిన దాన్ని "నా సవతి" అనేది. "పొద్దస్తమానం దాని మాటే వింటారు, నా మాట చెవికెక్కదు" అని మూతి తిప్పేది.

"అది ఉన్నంతకాలం నేను ఎవర్నీ టైమెంతని కూడా అడగక్కర్లేదు" అని అన్నయ్య గొప్పలు పోయేవాడు.

ఇంతలో ఆఫీసువాళ్లు పాత సిస్టమ్ ఇక పనికిరాదన్నారు. సోమవారం పదింటికి పరీక్షట. కొత్తదాని మీద మునుపటి వేగం అందుకోలేనివాళ్లని ఇంటికి పంపేస్తారట. మెకానిక్ వచ్చి పాతదంతా తుడిచేసి కొత్తది ఎక్కించాడు. ముక్కుగొంతుని కూడా నానా తంటాలు పడి అందులో కూర్చోబెట్టాడు. అంతా బాగానే ఉందనుకున్నాం.

ఎక్కడ బాగుంది? ఆ కొత్త సిస్టమ్ మహాతల్లి ఆటలు, వార్తలు, వాతావరణం, బేరాలు అన్నీ వెంటేసుకొచ్చింది. వాటిని చదవడానికి సొంతంగా ఇంకో గొంతు, తియ్యగా, తీరిగ్గా. ముక్కుగొంతు "ఖర్చుల వివరాలు" అనేలోపు ఇది "రేపు చిరుజల్లులు" అంటుంది. అన్నయ్యకి పిచ్చెక్కిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం ముగ్గురం దాని ముందు కూర్చున్నాం. ఆయనకి తెర కనబడదు. వదినకి కనబడుతుంది గానీ కంప్యూటరంటే హడల్. నాదంతా తెలిసినట్టు పోజు, తెలిసింది సున్నా. తెర మీది జాబితాలో ఒక్కో పేరూ వదిన చదవడం, ఆయన "పీకెయ్" అనడం, ఆమె నొక్కడం. ఆటలు పోయాయి, వార్తలు పోయాయి. వదినకి హుషారొచ్చింది.

చివరికి గొంతులు రెండూ మిగిలాయి. మెకానిక్ ఏ దొడ్డిదారిన ఎక్కించాడో గానీ, ముక్కుగొంతు అసలు పేరు ఎక్కడా లేదు. రెండింటికీ ఏవో అంకెలు, పక్కన తేదీలు.

"తేదీలున్నాయా? అయితే తర్వాత చేరినదాన్ని తీసెయ్" అన్నాడు అన్నయ్య.

ఆయన లెక్కలో ముక్కుగొంతు ఏళ్లనాటి మనిషి, తియ్యగొంతు మొన్న వచ్చింది. కంప్యూటర్ లెక్కలో తియ్యగొంతు కొత్త సిస్టమ్‌తోపాటే పుట్టింది, ముక్కుగొంతే ఆ తర్వాత చేరింది. ఈ సంగతి ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు, మా బుర్రలు మండ!

"ఖాయమేనా అంటోందండీ" అంది వదిన.

"ఖాయమే."

ముక్కుగొంతు మాట మధ్యలో ఆగిపోయింది. "తీసివేయడం పూర్తయింది" అంది తియ్యగొంతు.

అన్నయ్య మొహం పాలిపోయింది. నేను మెకానిక్‌కి ఫోన్ చేశాను. "అయ్యో, దాన్ని తయారుచేసిన కంపెనీయే మూతబడిందమ్మా. పాత సిస్టమ్‌లోంచి లాగి పెట్టాను. ఆ పాతది తుడిచేశాం కదా, ఇంకెక్కణ్ణుంచి తెస్తాను?" అన్నాడు. అతన్ని నోటికొచ్చినట్టు తిట్టాను. ఏం లాభం?

వదిన వెక్కివెక్కి ఏడ్చింది. "సవతి సవతి అన్నాను, నా చేత్తోనే చంపేశాను" అంది.

"నేను చెప్పిందేగా నువ్వు చేసింది" అన్నాడు ఆయన. ఒక్కసారి కసిరినా బాగుండేది. ఆ శాంతం చూసి నాకు దడ పుట్టింది.

మర్నాడు పరీక్ష మొదలైంది. తియ్యగొంతు వేగం పెంచితే మాటలు మింగేస్తుంది, తగ్గిస్తే నత్తనడక. ఆయన కొడతాడు, ఆగుతాడు, చెరుపుతాడు, మళ్లీ కొడతాడు. ఎవరూ సాయం చెయ్యకూడదని రూలు. తెర మీద తప్పులు కళ్లెదుటే కనబడుతుంటే వదినా నేనూ నోరు నొక్కుకుని తలుపు దగ్గర నిలబడ్డాం. అంతకంటే నరకం ఉంటుందా?

కాసేపటికి హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు. చేతులు ఒళ్లోకి తీసుకుని మా వైపు తిరిగాడు.

"టైమెంతైందే?" అన్నాడు వదినతో.

వదిన మొహం తిప్పేసుకుంది. నేనే చెప్పాను. పరీక్షకి ఇంకా సగం టైముందని కూడా చెప్పాను. ఆయన మళ్లీ కీబోర్డు ముట్టుకోలేదు.