ఐదడుగుల ఖాళీ, నాలుగంగుళాల గడప

మా ఇంటి వెనక గది కట్టిన ఆ రెండు నెలలూ నేను కడుపునిండా అన్నం తిన్న గుర్తు లేదు. వీధిలో స్కూటర్ చప్పుడైతే చాలు, కలిపిన ముద్ద చేతిలోనే ఉండిపోయేది. టౌన్ ప్లానింగ్ ఇన్‌స్పెక్టరు స్కూటర్ మీద తిరిగేవాడు మరి. డెబ్బైల చివరి రోజులవి. స్టీలు ప్లాంటు వస్తోందని గాజువాక వైపు ప్రతివాళ్లూ ఏదో ఒకటి కడుతున్నారు, ఆయన ప్రతి వీధీ తిరుగుతున్నాడు.

గది అమ్మ కోసం. పక్షవాతంతో ఆమె ఎడమ చెయ్యీ కాలూ పడిపోయాయి, మాట ముద్దగా వచ్చేది. మరుగుదొడ్డేమో పెరటి చివర ఉంది. నేనూ నాన్నా చెరో రెక్కా పట్టుకుని, చుట్టుపక్కల వాళ్లు చూస్తుండగా, రోజుకు ఐదారుసార్లు ఆమెను పెరడంతా దాటించాలి. ఆ సిగ్గుతో అమ్మ మంచినీళ్లు తాగడం మానేస్తూ వచ్చింది. గ్లాసు ఇస్తే పెదాలు తడుపుకుని తిరిగిచ్చేసేది. వానలు పట్టేలోగా వంటింటిని ఆనుకుని, బాత్రూముతో కలిపి ఆ గది లేవాలి. మాకు కావలసింది అంతే.

ప్లాను నేనే గీశాను. అప్పట్లో ఒక ఇంజనీరింగ్ ఆఫీసులో ట్రేసర్‌ని. పెద్దవాళ్లు గీసిన ప్లాన్ల మీద పల్చటి కాగితం పరిచి ఇంకుతో దిద్దడం నా పని. లైసెన్సున్న సర్వేయరు నా మీద నమ్మకంతో సంతకం పెట్టాడు. కొత్త గోడకూ వెనక ప్రహరీకీ మధ్య ఐదడుగులు వదలాలని రూలు. గాలీ వెలుతురూ ఆడాలి కదా. అది వదిలి, గది వెడల్పు పదడుగులు వేశాను. మంచం ఎక్కడ, పక్కన మనిషి ఎక్కడ నిలబడాలి, బాత్రూము తలుపు ఎటు తెరుచుకోవాలి, అన్నీ కాగితం మీద కొలుచుకున్నాను. నా అంత తెలివైంది విశాఖపట్నంలో లేదనుకున్నాను కూడా.

గోడ నడుమెత్తు లేచాక ఒక ఆదివారం, ఊరికే, టేపు పట్టి చూశాను. ప్రహరీ దాకా మూడడుగుల తొమ్మిదంగుళాలే ఉంది. టేపు తప్పేమోనని మళ్లీ చూశాను. అంతే ఉంది. రోజూ కళ్లెదుట లేస్తున్న గోడే, కాగితం మీదైతే వెంట్రుకవాసి తేడా పట్టుకునేదాన్ని.

"నాన్నా, ఇదేటి? ఐదడుగులుండాల కదా" అన్నాను.

నాన్న పోర్టులో క్రేను డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. టన్నుల బరువు ఎత్తి, చెప్పిన చోట అంగుళం తేడా లేకుండా దించిన మనిషి. నా మొహం చూడలేదు.

"పదడుగులకి ఆయం కుదరనేదమ్మా. పదకొండడుగుల మూడంగుళాలకి కుదిరింది."

ఆయం అంటే గది పొడవూ వెడల్పూ లెక్కగట్టి, అది ఆ ఇంటివాళ్లకు మంచో చెడో తేల్చడం. నేను ఆఫీసులో ఉన్నప్పుడు ఆ లెక్క చూసే పెద్దాయన దగ్గరికి వెళ్లొచ్చి, మేస్త్రీకి కొలత మార్చి చెప్పేశాడన్నమాట. మేస్త్రీ ఎలమంచిలి దగ్గర మా ఊరివాడే. "పాపకో మాట సెప్పమని నానప్పుడే అన్నాను గదా, బావా" అని గొణిగి ఇటుకల వెనక్కి తప్పుకున్నాడు.

"పాత గది ఆయం సూపించకుండానే కట్టీసినాను. మీ అమ్మ కాలు పడిపోయింది" అన్నాడు నాన్న. "మళ్లీ అదే తప్పు సెయ్యమంతావేటి?"

అమ్మ జబ్బుకు కారణం తనేనని మోస్తూ తిరుగుతున్నాడని అప్పటిదాకా నాకు తెలియదు. కోపం, జాలి రెండూ ఒకేసారి వచ్చాయి. కోపమే ఎక్కువ. ఆ సర్వేయరు లైసెన్సు పోతుందని, ఆఫీసులో తెలిస్తే నా ఉద్యోగమూ పోతుందని భయం పట్టుకుంది. అయినా నోరు మూసుకున్నాను. ద్వారబంధం నిలబెట్టిన రోజు కింద ముగ్గు వేసిందీ నేనే. టేకు గడప, నాలుగంగుళాల ఎత్తు, పసుపు రాసి బొట్లు పెడితే కళకళలాడింది.

వారం తిరక్కుండా ఇన్‌స్పెక్టరు వచ్చాడు. నెమ్మదైన మనిషి. కొలిచి, ఎర్ర సుద్దతో వెనక గోడ మీద పెద్ద ఇంటూ గుర్తు గీశాడు. నాన్న ఆయం సంగతి చెప్పబోతే ఆపాడు.

"లోపల మీ లెక్కలు మీరు చూసుకోండి. బయట మాత్రం నాకు ఐదడుగులు కనపడాలి. వారంలో తీయించకపోతే నోటీసు ఇవ్వాల్సి వస్తుంది" అన్నాడు.

మర్నాడే గోడ కూలగొట్టారు. కానీ నాన్న మళ్లీ పని మొదలుపెట్టనివ్వలేదు. "ఆయం నేని గదిలో దాన్ని ఒగ్గెయ్యను" అని భీష్మించుకు కూర్చున్నాడు. సముద్రం మీద మబ్బు పట్టింది. రెండు జల్లులు పడి ఇటుకలు తడిశాయి. సిమెంటు బస్తాల మీద పరదా కప్పుతూ, తీస్తూ, కాలు కాలిన పిల్లిలా తిరిగాను. నాలుగు రోజులు బతిమాలాను. ఐదో రోజు పోట్లాడాను.

ముందు గదిలో మంచం మీద అమ్మ అంతా వింటూనే ఉంది. గది చూస్తానని సైగ చేసింది. కుర్చీలో కూర్చోబెట్టి ద్వారబంధం దాకా మోసుకెళ్లాం. దింపమంది. కుడిచేత్తో చట్రం పట్టుకుని లేచి నిలబడింది. కుడికాలు దాటించింది. ఎడమకాలు గడపకు తగిలి ఆగిపోయింది. మళ్లీ లాగింది, మళ్లీ తగిలింది. మూడోసారి చెప్పు ఊడిపోయింది.

"ఆయం నాకెందుకు" అంది, మాట మాటకూ ఆగుతూ. "ఈ కర్ర తీయండి. నన్ను లోపలెట్టి మూసేత్తారేటి?"

ప్లానులో గడప అంటే రెండు గీతలు. దానికి ఎత్తు ఉండదు. గదంతా కొలిచాను గానీ అమ్మ కాలు ఎంత లేస్తుందో కొలవలేదు. ఎన్నో ఏళ్లు శుక్రవారం శుక్రవారం గడపలకు పసుపు రాసిన మనిషి, దాన్ని తీసెయ్యమంటోంది.

నాన్న తనే వెళ్లి గునపం తెచ్చాడు. నిలబెట్టిన ద్వారబంధం కదిపితే అరిష్టం, బావా అని మేస్త్రీ అనబోతే, "ఇంతకన్నా అరిష్టమేటుంటాది, పట్టు" అన్నాడు. ఇద్దరూ కలిసి చట్రాన్ని కిందికి దింపి, గడప పైభాగం నేలకు సమంగా వచ్చేలా పాతారు. గడప ఉంది, కాలికి తగలదు. మర్నాడు పదడుగుల దగ్గర గోడ లేచింది. ఆయం మాట నాన్న మళ్లీ ఎత్తలేదు. స్లాబు పడిన రెండో రోజే వాన కుమ్మేసింది. ఇన్‌స్పెక్టరు మళ్లీ వచ్చి టేపు పట్టి, తలాడించాడు. లోపలికి వస్తూ అలవాటుకొద్దీ, లేని గడప కోసం కాలెత్తాడు.

అమ్మ ఆ గదిలోకి మారిన మొదటి శుక్రవారం గడపకు పసుపు రాయమంది. రాసి, వంటింట్లోకి వచ్చి అన్నం వారుస్తున్నాను. వెనక ఏదో రాసుకుంటున్న చప్పుడు. పడిపోయిందనుకున్నాను. గిన్నె వదిలేసి తిరిగాను.

అమ్మ గోడ పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె వెనక సిమెంటు నేల మీద ఒక పసుపు పాదం, ఒక పొడుగాటి పసుపు చార, మళ్లీ పాదం, మళ్లీ చార, పక్కన ఇంకెవరి అడుగులూ లేవు.

"దాహమేత్తంది. సెంబుడు నీళ్లియ్యమ్మా" అంది.