మేధావుల సభలో ప్రార్థనాగీతం

ఆ రోజుల్లో తెలివి అనేది పరీక్ష పెట్టి తేల్చగలిగిన వస్తువని నేను గట్టిగా నమ్మేదాన్ని. అరవైల మొదట్లో జగ్గయ్యపేటలో ఆడపిల్లల బడిలో లెక్కల టీచరుగా కొత్తగా చేరాను. మా ప్లీడరు బాబాయి (నాన్నకి పినతండ్రి కొడుకు) ఇంగ్లండులో తెలివైనవాళ్ళకి విడిగా సంఘాలుంటాయని ఏదో పత్రికలో చదివి, మన ఊళ్ళో మాత్రం ఎందుకుండకూడదని ఒకటి పెట్టాడు. చిక్కు ప్రశ్నలతో పరీక్ష, నెగ్గినవాళ్ళే సభ్యులు. పరీక్ష రాయకుండా చేరింది అధ్యక్షులవారొక్కరే. సభలు జరిగేది ఆయన బియ్యం మిల్లు మేడ మీద కాబట్టి ఆయన తెలివిని ఎవరూ శంకించలేదు. నేనూ పరీక్ష రాశాను. అందరికంటే ఎక్కువ మార్కులొచ్చాయి. బాబాయి నా జవాబులు మళ్ళీ దిద్ది, అయినా మార్కులు తగ్గకపోయేసరికి, పోన్లే, ప్రార్థనకి మనిషి దొరికింది అన్నాడు. హాస్యమనుకుని నేనూ నవ్వాను.

హాస్యం కాదు. నెలకోసారి ఆదివారం సాయంత్రం సభ. నందిగామ నుంచి కూడా బస్సెక్కి వచ్చేవారు. నేను పాడుతుంటే వాళ్ళు నిలబడి వినేవారు, ఆ తర్వాత వాళ్ళు మాట్లాడుతుంటే నేను కూర్చుని వినేదాన్ని. ఉప్మా పళ్ళేలు అందించడం కూడా నా వంతుకే వచ్చింది (దానికి పరీక్షేమీ పెట్టలేదు). చర్చలో నేను నోరు తెరిస్తే అందరూ ఎంతో మర్యాదగా ఆగేవారు. నేను ముగించగానే ఎక్కడ ఆపారో అక్కణ్ణించే అందుకునేవారు.

అడగ్గా అడగ్గా, సున్నా గురించి మాట్లాడమని నాకొక ఆదివారం ఇచ్చారు. రోజూ వంటింట్లో అమ్మకి అప్పజెప్పి తయారయ్యాను. అమ్మ చింతపండు పిసుకుతూ, బాగానే ఉంది గానీ సున్నాకి ఇన్ని మాటలెందుకే అంది. తీరా ఆ ఆదివారం మేడ మెట్లెక్కుతుంటే బాబాయి ఎదురొచ్చి, బెజవాడ నుంచి కాలేజీ లెక్చరరుగారు అనుకోకుండా దిగారని, నా సంగతి మరోసారి చూద్దామని చెప్పాడు.

"ఆయన దేని గురించి మాట్లాడతారండీ?"

"ఆడవాళ్ళకి మేధస్సు ఎందుకు తక్కువా అని. ముందు వరసలో కూర్చోమ్మా, నీకు పనికొస్తుంది. ఆయన ఏడింటి బస్సుకి పోవాలి, ప్రార్థన తొందరగా కానిచ్చెయ్."

ప్రార్థన జరుగుతుంటే ఎవరూ కూర్చోకూడదు, ఆపమనకూడదు. ఆ సంగతి నాకు అప్పుడే తట్టింది (ఆ సంఘంలో నా మేధస్సుని వాడుకున్నది ఆ ఒక్కసారే). మా నాయనమ్మ నేర్పిన పొడుగాటి రామకీర్తన ఎత్తుకున్నాను. ఏ చరణమూ వదల్లేదు, ప్రతి చరణం తర్వాతా పల్లవిని తిప్పి తిప్పి పాడాను. మోకాళ్ళ నొప్పులున్న అధ్యక్షులవారు కాలు మార్చి కాలు మీద నిలబడ్డారు. అతిథి గడియారం చూసుకుని మళ్ళీ చేతులు జోడించారు. బాబాయి కళ్ళతోనే బతిమాలాడు. నేను కళ్ళు మూసుకున్నాను. కీర్తన వెంటనే మంగళహారతి కూడా అందుకునేసరికి, సభ ముగిసిందనుకుని వెనక వరసవాళ్ళు ఉప్మా గిన్నె వైపు నడిచారు.

అతిథి తన కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని ముందుకొచ్చారు. కోప్పడతారనుకున్నాను. ఆయన నవ్వారు.

"నేను గంటసేపు చెప్పాలనుకున్నది ఈ అమ్మాయి పాడి రుజువు చేసిందండి. ఆడవాళ్ళకి భగవంతుడు గొంతిచ్చాడు, భక్తిచ్చాడు. ఆలోచించే బరువు మనకి వదిలేశాడు."

మేడ దద్దరిల్లేలా చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టింది బాబాయే. అతిథి బస్సు అందుకున్నారు. నేను ఎంగిలి పళ్ళేలు ఎత్తాను.

తర్వాతి సభకి ముందు బాబాయి మా ఇంటికొచ్చి కాఫీ తాగుతూ, శాస్త్రీయ సంఘానికి ప్రార్థనేమిటని అందరూ అనడంతో దాన్ని తీసేశామని చెప్పాడు. "ఇంక నీకు శ్రమ లేదమ్మా. ఆదివారం హాయిగా ఇంట్లో ఉండొచ్చు." నేను కూడా సభ్యురాలినన్న సంగతి ఆయనకి గుర్తులేదు. గుర్తుచేద్దామని నోటిదాకా వచ్చింది. సరేనండి బాబాయ్ అని, ఖాళీ గ్లాసు లోపలికి తీసుకెళ్ళాను.

ఆ ఆదివారం సాయంత్రం తల దువ్వుకుని, మంచి చీర కట్టుకుని, వీధి గుమ్మంలో నిలబడ్డాను, ఎవరైనా పిలవడానికొస్తారేమోనని. అమ్మ ఎక్కడికే అంటే ఎక్కడికీ లేదన్నాను. దీపాలు పెట్టేవేళ దాకా అలాగే ఉన్నాను. అంత చదువుకున్న పిల్లకి అంత చిన్న విషయం అర్థం కాలేదే అని ఇప్పుడు నవ్వొస్తుంది. నవ్వు సగంలో ఉండగానే, వెళ్ళి ఆ పిల్లని లోపలికి తీసుకొచ్చి తలుపు వేయాలనిపిస్తుంది.