పదిహేడో నంబరు తప్పు

ఆఫీసులో అందరూ ఆవిడను తప్పులక్క అనే పిలుస్తారు. చాటుగా కాదు, మొహం మీదే. ఆవిడా హాయిగా పలుకుతుంది. మనుషులు రాసిన ప్రోగ్రాముల్ని యంత్రానికి అర్థమయ్యేలా మార్చిపెట్టేది కంపైలర్. అలాంటి కంపైలర్‌ని తయారుచేసే ఆఫీసు అది. దాన్ని పరీక్షించడం ఆవిడ పని. పద్నాలుగేళ్ళుగా అదే కుర్చీ, అదే కిటికీ. కుర్చీ మీది మెత్త మాత్రం మూడోది.

ఆవిడ దగ్గరొక జాబితా ఉంది. ఉన్నాయని తెలిసి కూడా ఎవరూ ఇంకా బాగుచేయలేకపోయిన తప్పులు అందులో ఇరవై మూడున్నాయి. ఒక్కోదానికీ ఒక్కో పరీక్ష. మామూలు పరీక్షలు నెగ్గితే తెర మీద పచ్చచుక్క, ఓడితే ఎర్రచుక్క. ఈ ఇరవై మూడు మాత్రం రోజూ ఓడిపోవాలి. ఏదైనా పొరపాటున నెగ్గిందా, ఎందుకు నెగ్గిందో తేలేదాకా తప్పులక్కకి కునుకుండదు.

అన్నిట్లోకీ మొండిఘటం పదిహేడో నంబరు. మైనస్ ఏడుని రెండుతో భాగించి భిన్నం వదిలేస్తే మైనస్ మూడు రావాలి. కంపైలర్‌ని అత్యధిక వేగంలో పెడితే మైనస్ నాలుగంటుంది. జాబితాలో ఆ వేగంలో నడిచే పరీక్ష ఇదొక్కటే. ఆవిడ ఉద్యోగంలో చేరిన వారంలో పట్టుకున్న తప్పది. దాన్ని బాగుచేస్తామని బల్లగుద్దిన వాళ్ళలో ఇద్దరు రిటైరయ్యారు కూడా.

ఇంతలో కొత్త మేనేజరు వచ్చాడు. మంచివాడే, కాకపోతే ఎర్రచుక్క చూస్తే ఆయనకి ఒంటి మీద తేళ్ళూ జెర్రులూ పాకుతాయి.

"ఓడిపోతాయని తెలిసిన పరీక్షల్ని రోజూ నడపడం ఎందుకు మేడమ్? శుక్రవారం సాయంత్రం కొత్త వెర్షన్ విడుదల కాగానే ఆ జాబితా తీసేద్దాం."

"తీసేస్తే ఆ తప్పులు ఎలా ఉన్నాయో ఎవరు చూస్తారు సార్?"

"ఎలా ఉంటాయి, తప్పుల్లాగే ఉంటాయి!"

అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది గానీ, ఆ మధ్యాహ్నం అన్నం సయించలేదు. పద్నాలుగేళ్ళ కష్టాన్ని ఒక్క మీటతో తుడిచేస్తానంటే ఎవరికి మాత్రం సయిస్తుంది?

శుక్రవారం రానే వచ్చింది. ఇంట్లో కూడా ఆవిడకొక జాబితా ఉంది లెండి, బీరువా తలుపు లోపలివైపు అంటించి. వంటింటి కుళాయి ఎడమకి తిప్పితేనే ఆగుతుంది, పెరటి తలుపు కిర్రుమంటుంది, అలాంటివి. ఆ పొద్దున పెరటి తలుపు కిర్రుమనలేదు.

"అత్తయ్యా, తలుపు దానంతటదే బాగుపడిందండీ!"

అత్తగారు కాఫీ గ్లాసు దించకుండానే అన్నారు: "తలుపులు వాటంతటవి బాగుపడవే అమ్మాయ్. వెళ్ళి చూడు."

చూస్తే పై బందు ఊడొచ్చి, తలుపు గోడకి జారగిలబడి ఉంది.

ఆఫీసుకి వెళ్ళేసరికి ఒకటే సందడి. పదిహేడో నంబరు నెగ్గింది! స్పీడు బాబాయ్ ఎగిరి గంతేస్తున్నాడు. ప్రోగ్రాముల వేగం పెంచడం ఆయన పని, ఆయన పిచ్చి కూడా. తప్పులక్క కంటే పదేళ్ళు పెద్దవాడైనా ఆమెని అక్కా అంటాడు, ఆమేమో బాబాయ్ అంటుంది.

"నిన్న నేను చేసిన మార్పే అక్కా! దెబ్బకి నీ పదిహేడో నంబరు కూడా చక్కబడిపోయింది."

"ఇంకేం, జాబితాకి శుభం కార్డు వేసేద్దాం. నాలుగింటికి విడుదల," అన్నాడు మేనేజరు.

తప్పులక్కకి మాత్రం పెరటి తలుపే కళ్ళ ముందు ఆడింది.

"భాగహారం జోలికి వెళ్ళావా బాబాయ్?"

"అబ్బే. పనికిరాని పనులుంటే ఏరిపారేయమని కంపైలర్‌కి నేర్పానంతే."

"పనికిరానివేవో ఎవరు చెప్పాలి?"

"అదే తేల్చుకుంటుంది."

ముట్టుకోకుండానే రోగం నయమైందా? ఆవిడ కుర్చీలో కూర్చుని, మధ్యాహ్నం దాకా బాబాయ్ మార్పంతా తిరగేసి, మూడే మూడు వరుసల్లో కొత్త పరీక్ష రాసింది. రెండూ రెండూ కలిపితే అయిదు రావాలి, రాకపోతే గోలపెట్టు. అత్యధిక వేగంలో పెట్టి నడిపింది. పచ్చచుక్క! మళ్ళీ నడిపింది. మళ్ళీ పచ్చచుక్కే.

లాప్‌టాప్ చంకన పెట్టుకుని మేనేజరు గదిలోకి నడిచింది. అప్పటికి మూడుంబావు.

"సార్, రెండూ రెండూ ఎంత?"

"ఇదేం ప్రశ్న మేడమ్?"

"అయిదు రావాలని నేను రాసినా మన కంపైలర్ ఊరుకుంటోంది. 'తప్పొస్తే గోలపెట్టు' అనే వరుస ఉందే, అది పనికిరానిదనుకుని తీసి పారేస్తోంది. ఆ వేగంలో నడిచే నాలుగొందల పరీక్షలూ ఇవాళ నోరు కుట్టేసినవే. రోజూ నెగ్గేవి నెగ్గితే ఎవరికి అనుమానం వస్తుంది? ఓడాల్సింది ఓడలేదు కాబట్టి బయటపడింది."

మేనేజరు విడుదల ఆపేశాడు. స్పీడు బాబాయ్ నాలుక కరుచుకుని, గంటలో తన మార్పు వెనక్కి తీసుకున్నాడు. పరీక్షలు మళ్ళీ నడిచాయి. నిన్నటిదాకా నెగ్గిన మామూలువాటిలో రెండు ఇప్పుడు ఎర్రగా ఓడాయి. నిన్న మిగతావాళ్ళు చేసిన మార్పుల్లో దొర్లి, కొత్త వెర్షన్‌తో పాటు గుట్టుగా జనం మీదికి పోబోయిన తప్పులవి. ఆ తర్వాత, నింపాదిగా, పదిహేడో నంబరూ ఓడింది.

"వచ్చావా తల్లీ!" అంది తప్పులక్క. తప్పు కనబడినందుకు అంత సంతోషించే మనిషిని ఇంకెక్కడా చూడం.

ఇంటికి బయల్దేరుతుంటే మేనేజరు వచ్చి ఆవిడ బల్ల పక్కన నిలబడ్డాడు. క్షమాపణలు చెప్పడం ఆయనకి అంతగా చేతకాదు. "కాస్త జరగండి," అని జాబితా తెరిపించి, చివర్న తనే ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు:

"23. రెండూ రెండూ అయిదు. ఇది రోజూ ఓడాలి. నెగ్గిందంటే అన్నీ ఆపేసి అక్కని పిలవండి."

ఆయన నోట గానీ వేలికొసన గానీ 'అక్క' అన్న మాట రావడం అదే మొదలు. తప్పులక్కకి కళ్ళు చెమర్చాయి. తెర సరిగ్గా కనబడకపోయినా, చూడాల్సింది చూడనే చూసింది.

"ఇరవై మూడు ఇదివరకే ఉంది సార్. ఇది ఇరవై నాలుగు."