కడుపులో లేని వాంతి

ఆ సినిమాహాల్లో అందరూ ఆమెను టార్చి పిన్ని అనేవారు. ఆట మొదలయ్యాక వచ్చినవాళ్ళకు చీకట్లో దారి చూపి కూర్చోబెట్టడం ఆమె పని. తోడికోడలు అదే హాల్లో క్యాంటీను నడిపేది. భర్తలు పోయాక ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటూ, రోజుకో తగాదాతో హాయిగా కాలక్షేపం చేస్తున్నారు.

ఆ రోజు మ్యాట్నీ సగంలో పిన్నికి కడుపులో తిప్పేసింది. క్యాంటీను పక్క సింకు దగ్గరికి పరుగెత్తి భళ్ళున కక్కుకుంది. కుడి కణత పగిలిపోతోంది.

"ఏం తిన్నావక్కా?"

"నువ్విచ్చిన బన్నే."

"ఊరంతా తింటున్నారు, నీకొక్కదానికే పడలేదా?" అని తోడికోడలు మూతి ముడుచుకుంది. ముడుచుకుంటూనే నిమ్మరసం కలిపిచ్చింది. అదీ నిలవలేదు.

పిన్నికి ఏమీ పాలుపోలేదు. కడుపునొప్పి లేదు, విరేచనాలు లేవు. మరి ఈ వాంతులేమిటి? నడవాలోకి వచ్చి తలెత్తితే బల్బు చుట్టూ రంగుల చక్రాలు.

"లోపలికి పొగ ఎలా వచ్చిందే?"

"పొగేంటి?" తోడికోడలు దగ్గరికొచ్చి ముఖంలోకి చూసింది. "అయ్యో, కుడికన్ను చింతనిప్పులా ఉందే! ఏడ్చావా?"

ఏడ్చిందో లేదో పిన్నికే తెలియలేదు. "ఇంటికెళ్ళి పడుకుంటా. రేపటికి తగ్గుతుందిలే."

"తగ్గకపోతే? నీ మాటలు వింటుంటే నాకే తల తిరుగుతోంది. నడు!" తోడికోడలు క్యాంటీనుకు తాళం వేసి ఆటో పిలిచింది.

ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు కడుపు నొక్కి చూశాడు. తర్వాత కన్ను చూశాడు. చూడగానే గబగబా చీటీ రాసి, కంటి విభాగానికి వెంటనే వెళ్ళమన్నాడు. చీటీలు తారుమారయ్యాయేమోనని పిన్ని అనుమానం.

"బాబూ, నాకు వాంతులు."

"తెలుసమ్మా. వెళ్ళండి."

కంటి డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. కంట్లో ఒత్తిడి ఒక్కసారిగా పెరిగింది. ఆ బాధకే వాంతులు. కన్ను ఎర్రబడి, నొప్పి పెట్టి, చూపు మసకబారి, దాంతోపాటు వాంతులైతే ఒక్క పూట కూడా ఆగకూడదు. ఇంటికెళ్ళి పడుకుని ఉంటే చూపు పోయేదేమో.

మందులతో ఒత్తిడి దిగాక లేజరు చేశారు. కుడికంటికి ఓ పక్క కాస్త మసక మిగిలింది, మిగతాది దక్కింది. ఎడమకంటికీ లేజరు చేయాలన్నారు.

"ఇది బాగానే ఉందిగా?" అంది పిన్ని.

"దీనికీ ఆ ప్రమాదం ఉందమ్మా."

పిన్ని తోడికోడలి వైపు తిరిగి గుసగుసగా అడిగింది: "కంటికి జబ్బు చేస్తే కడుపుకెవరు చెప్పారే?"

"నన్నడుగుతావేం? కదలకుండా కూర్చో."